తాళం వేసిన పడవ

నిన్న పక్కింటివాళ్లు వరదలో నానిన వడ్ల బస్తాలు విప్పి వాకిట్లో ఆరబోశారు. మొలకెత్తి కుళ్లిన ఆ వడ్ల వాసన కిటికీలోంచి తగలగానే నాకు శకుంతల బాయి గుర్తొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఆమెను తలచుకుంటే కన్నీళ్లకన్నా ముందు కోపమే వస్తుంది నాకు. ఇన్నేళ్లయినా అంతే.

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో టీచరమ్మను మరాఠీ అలవాటులో బాయి అంటాం. ఎనభైల్లో నేను టీచరుగా కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె మా బడికి పెద్ద. పొట్టి మనిషి, గట్టి గొంతు. చేరిన రోజే నన్ను, "ఈత వచ్చునా?" అని అడిగింది. రాదన్నాను. "ప్రాణహిత ఒడ్డున పుట్టి ఈత రాకపోవుడేంది? ఆదివారం రా, నేర్పిస్త," అంది. వానలకు ముందు ప్రతి ఆదివారం ఊళ్లో ఆడామగా కొందరిని పోగేసి, నీళ్లలో తాడు పట్టడం, మునుగుతున్నవాళ్లను ఒడ్డుకు లాగడం నేర్పేది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. చిన్నప్పుడు తన తమ్ముడు కొట్టుకుపోతుంటే జనం ఒడ్డున నిలబడి చూశారని ఒక్కసారి చెప్పింది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడు గోదావరి పోటెత్తి ప్రాణహిత నీళ్లను వెనక్కి తన్నింది. ఊరికి దిగువన లంకలో సాగు చేసుకునే కుటుంబాలు ఇళ్ల కప్పులెక్కి కూర్చున్నాయని పొద్దున్నే కబురొచ్చింది. సర్కారు షెడ్డులో మోటారు పడవ ఉంది. బాయి, నేను, నాటుపడవ నడిపే పోశం కలిసి అక్కడి అధికారి దగ్గరికి పరుగెత్తాం.

"ఆర్డర్ లేనిది తాళం ఇయ్యరాదు బాయి. గడ్చిరోలి కలెక్టరాఫీసుకు ఫోన్ కలుస్తలేదు," అన్నాడాయన, చాయ్ కప్పు కింద పెట్టకుండానే.

"రోడ్లు తెగినయి, తీగలు తెగినయి. ఆర్డర్ ఎట్ల వస్తది సార్, ఈదుకుంట వస్తదా?"

"పడవకు ఏమన్న అయితే నా నౌకరి పోతది."

"మనుషులకు ఏమన్న అయితే?"

ఆయన తాళం తీయలేదు. మేం పోశం నాటుపడవలోనే బయల్దేరాం. చిన్న పడవ. ముందు పిల్లల్ని, ముసలివాళ్లను ఎక్కించుకున్నాం. చంద్రక్క అనే ఆమె తన పసిబిడ్డను నా చేతుల్లో పెట్టింది. మంచాన పడ్డ అత్త ఆమె పక్కనే కప్పు మీద ఉంది. ఆమెను పడుకోబెట్టడానికి పడవలో చోటు లేదు. "మా అత్తను ఇడిసిపెట్టి ఎట్ల వస్త? మీరు మల్ల వస్తరు గద," అంది చంద్రక్క. వస్తామన్నాం.

ఎదురు వరదలో ఒడ్డు చేరి, మళ్లీ వెళ్లేసరికి ఆ ఇల్లు లేదు. అక్కడ నీళ్లు సుడి తిరుగుతున్నాయి. పోశం తెడ్డు వదిలేసి కూలబడ్డాడు. బాయి ఆ తెడ్డు అతని చేతికిచ్చి, "లే పోశం. అవతలి ఇంటి మీద ఇంక మనుషులున్నరు," అంది. సాయంత్రందాకా మిగిలినవాళ్లందరినీ చేరవేశాం. బిడ్డను, కూలికి పోయి తిరిగొచ్చిన తండ్రికి అప్పగించింది బాయే.

నీళ్లు తీశాక సభ పెట్టారు. సాహసం చేశాడని అదే అధికారికి శాలువా కప్పారు. తర్వాత బాయిని పిలిచారు. ఆమె శాలువా పక్కన పెట్టి మైకు అందుకుంది.

"చంద్రక్క, ఆమె అత్త కప్పు మీద మనకోసం చూసిండ్రు. సర్కారు పడవ దినమంత షెడ్డులనే ఉన్నది. ఎందుకున్నదో ఈ సారు చెప్పాలె."

మైకు ఆపేశారు. కొద్ది రోజులకే ఆమెను అడవిలోని పెర్మిలి బడికి మార్చారు. అంతకన్నా మండించేది మా ఊరివాళ్ల మాట. ఆమె పడవలో ప్రాణాలు దక్కించుకున్నవాళ్లే, "ఆడమనిషికి గంత నోరెందుకు," అన్నారు.

బస్సు దగ్గర నేను ఏడిస్తే కసిరింది. "ఏడుస్తవేంది బిడ్డా? పెర్మిలిల గూడ వాగులున్నయి." అక్కడ గోండు యువకులను కూడగట్టి, వానాకాలం రోగులను మంచాల మీద వాగులు దాటించిందని తర్వాత విన్నాను. మళ్లీ సిరోంచ బడికి మాత్రం రానివ్వలేదు. అక్కడే ఉద్యోగం ముగించింది, అక్కడే పోయింది.

ఇప్పటికీ వానలకు ముందు అధికారులు మీటింగు పెడతారు. ఆ వరద మాట వస్తే దైవాధీనం అంటారు. నేను లేచి చంద్రక్క పేరు, ఆమె అత్త పేరు చెప్పి, షెడ్డు తాళం ఎందుకు తీయలేదని అడుగుతాను. "పాత సంగతులు మేడం, కూర్చోండి," అంటాడు ఎవరో కొత్తాయన. మోకాళ్లు నొప్పి పుడతాయి. అయినా కూర్చోను.