చెంగల్రాయప్ప తొందరపడలేదు

మొన్న ముళబాగిలు బస్టాండు దగ్గర నా పక్కనే ఒక లారీ ఆగింది. దాని నిండా అప్పుడే నరికిన నీలగిరి దుంగలు. ఆ పచ్చివాసన ముక్కుకు తగలగానే నా ఎడమకాలు దానంతటదే బిగుసుకుంది. పదిహేడేళ్ల వయసులో ఒక పూటంతా నేను ఆ వాసన మధ్య, మట్టి కింద పడి ఉన్నాను.

మేం బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, పాత గని కార్మికుల వరస ఇళ్లలో, లైన్లంటారు, అక్కడ ఉండేవాళ్లం. గని మూతపడి అప్పటికే చాలా ఏళ్లయింది. అమ్మ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు కుట్టుపనికి వెళ్లేది. ఎదురింట్లో చెంగల్రాయప్ప తాత ఒంటరిగా ఉండేవాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఒకప్పుడు ఆయన పని. రాతిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి. నాలుగు మాటలకొకసారి ఆగి దగ్గేవాడు. చెంబు దించడానికి కూడా ముహూర్తం చూస్తాడని లైనంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

మూడు రోజులు వదలకుండా వాన కురిసి, ఆ ఉదయం మా ఇంటి గోడ నా మీద కూలింది. తెలివొచ్చేసరికి చీకటి, నోటినిండా మట్టి, కాలి మీద దూలం. జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరో సందులోంచి నా చేయి దొరకబుచ్చుకుని లాగసాగారు. పైన ఏదో కదిలి, ముఖం మీద మట్టి రాలింది. అప్పుడు ఆ దగ్గు వినిపించింది.

“చెయ్యి వదలప్పా. పైన కప్పు ఇంగా ఊగతా ఉండాది. ముందు దాన్ని నిలపాల.”

“పాప చచ్చిపోతాది తాతా,” అన్నాడొకడు.

“లాగితే చస్తాది.”

ఆయన బురదలో బోర్లా పడుకుని సందు దగ్గర ముఖం పెట్టాడు. “సరసా, నేనమ్మా. నీలగిరి దుంగలు తెస్తా ఉండారు. మొదటిది నీ తలపక్కన పెడతాము. శబ్దం వస్తాది. కదలద్దు.”

“నన్ను తీసెయ్యి తాతా.”

“తీస్తాము. ఇప్పుడు కాదు.”

ప్రతి దుంగకూ ముందే చెప్పాడు. నిలబెట్టాక దాన్ని తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఒకదాన్ని నచ్చక తీయించి మళ్లీ పెట్టించాడు. కాలు మొద్దుబారిపోతుంటే ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. సందులోంచి కనబడుతున్న ఆయన చేతులు వణుకుతున్నాయి. ముసలితనం అనుకున్నాను. మధ్యాహ్నానికి దూలం ఎత్తి నన్ను బయటికి తీశారు. కాసేపటికే మిగిలిన కప్పంతా దిగి ఆ దుంగల మీద ఆగింది.

కాలు రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రికి ఆయన రోజూ వచ్చేవాడు. ఒకరోజు అడిగాను: “అంత నిదానంగా ఎట్లా ఉండినావు తాతా? నీకు భయం వెయ్యలేదా?”

ఆయన నా కాలి కింది దిండు సర్దాడు. “గనిలో మా తమ్ముడు ఇట్లే పడినాడు. చెయ్యి దొరికింది. నేనే లాగినాను.”

దగ్గు తెర ముంచుకొచ్చింది.  ఆరోజు ఆయన చేతుల్లో చూసిన వణుకు ముసలితనం కాదని అప్పుడు తెలిసింది.

కుంటుకుంటూ నేను కాలేజీ మెట్లెక్కడం ఆయన చూశాడు. ఆ మరుసటి చలికాలం పోయాడు.

ఇప్పుడు అమ్మకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కోలారు తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయిస్తున్నాను. “నాకు నయమవుతాదా?” అని దారంతా అడుగుతుంది. చూడవచ్చినవాళ్లంతా అవుతుందనే అంటారు. నేను మట్టి కింద ఉన్న ఆ పూటంతా చెంగల్రాయప్ప తాత నాతో ఏమీ కాదని ఒక్కసారి కూడా అనలేదు. తరువాత జరగబోయేది ఏమిటో మాత్రం చెప్పాడు, అది జరిగేదాకా అక్కడే ఉన్నాడు. నాకు చేతనైందీ అంతే.

“ఇప్పుడు సూది గుచ్చుతారమ్మా. కొంచెం నొస్తాది. నేనీడే ఉంటాను,” అంటాను.

అమ్మ నా ముఖంలోకి చూసి, చేయి చాపుతుంది.