రంగుల వీధికి వచ్చిన పీరు

దయ్యాల మాటెత్తితే ‘చూపించండి, టీ నేనిప్పిస్తా’ అనే రకం నేను. స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి, కొలవనిదే ఏదీ నమ్మను. కానీ మొన్నటి పీర్ల పండక్కి జరిగింది ఎంత కొలిచినా తేలడం లేదు.

కర్నూలు పాతబస్తీలో మాది రంగుల వీధి. తాతల కాలంలో అక్కడ బట్టలకు రంగులద్దేవాళ్ళట. నా చిన్నప్పటికి అన్నీ సైకిల్ షాపులే. ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలు. పేరు మాత్రం పోలేదు. మా ఇల్లూ పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు, అందులోనే ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం.

పాత ఇంటికి ఏటా ఊరేగింపులో, పొడుగాటి కర్రకు కట్టిన పీరు వచ్చేది. పీరు ఎత్తిన మనిషి కాళ్ళకు అమ్మ గడప ముందు బిందెడు నీళ్ళు పోసేది. పక్కన పెద్ద రోడ్డు పడ్డాక ఊరేగింపు అటే వెళ్ళిపోతోంది.

ఈసారి అమ్మకు వెంటనే గుండె ఆపరేషన్ చేయాలన్నారు. అమ్మ మొండికేసింది.

“పీరుకు నీళ్ళు పోయందే నేను యాడికీ రాను.”

“పీరు ఈడికి రాక శానా ఏండ్లాయ కదమ్మా!” అన్నాను.

వింటేనా! పొద్దున్నే బిందెతో దిగి, పాత గడప ఇక్కడేనంటూ గేటు దగ్గర కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది, లోపల భయమూ వేసింది.

డప్పులు దగ్గరయ్యాయి. ఈ ఏడు పీరు ఎత్తింది ఆలూరు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఉన్నట్టుండి పెద్ద రోడ్డు వదిలి మా వైపు తిరిగాడు. బిందె ఎత్తిన అమ్మను చూడనైనా చూడకుండా గేటు దాటాడు. స్కూటర్లు పెట్టే ఖాళీ జాగాలో, పైన ఆకాశం తప్ప ఏమీ లేనిచోట, పీరును ముందుకు వంచి, తానూ తల దించి నడిచాడు. కొంచెం ముందుకెళ్ళి నిటారుగా నిలబడ్డాడు.

అమ్మ ఏడ్చేసింది. “నేనే మరిసిపోయింటి నాయనా! గడప ఆడ ఉండె!”

అక్కడికే వెళ్ళి నీళ్ళు పోసింది. “పా, ఇంక ఆస్పత్రికి పోదాం” అంది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగుంది.

ఆ మనిషిని తర్వాత అడిగితే తనకేమీ గుర్తులేదన్నాడు. చెల్లెలి పెళ్ళినాడు పాత ఇంటి గడపలో నిలబడి వీధివైపుకు తీసిన ఫోటో ఒకటుంది. అది పట్టుకుని అతను ఆగినచోట నిలబడ్డాను. ఫోటోలో వీధి అవతలి దర్గా గుమ్మటం ఎక్కడుందో కంటికీ సరిగ్గా అక్కడే కనబడింది.

గడప సంగతి ఎవరో చెప్పారనే అనుకుందాం. కానీ అదే ఫోటోలో వాకిటి ముందు మా రేకుల పందిరి ఉంది. మరీ కిందికి ఉండేది. పీరును వంచితే గానీ వాకిట్లోకి రావడం కుదిరేది కాదు. ఆ పందిరి ఇంటితోపాటే పోయింది.

మరి ఆ మనిషి దేని కింద తల వంచాడు?