ఇంటికి తెలిసినాక

మొన్న ధర్మవరం రోడ్డు మీద ఒక చిన్న హోటల్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. గోడకున్న టీవీలో మా ఛానెల్ సన్నాయి మొదలైంది. ఇన్నేళ్లుగా ‘పొద్దుటి పలకరింపు’ వార్తలు ఆ సన్నాయితోనే మొదలవుతాయి. బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. సన్నాయి ఆగగానే స్టూడియో గాజు తలుపు అవతలి నుంచి “ఊఁ, నవ్వమ్మా, ముఖం అట్ల పెడితే టీవీ కట్టేస్తారు” అనే కుళ్లాయప్ప సార్ గొంతు వినపడాలి. ఆయన పోయారని నాకు తెలుసు. చెవులకు ఇంకా తెలిసినట్టు లేదు.

అనంతపురం దాటితే ఆయనెవరో ఎవరికీ తెలియదు. మా కేబుల్ ఛానెల్లో పొద్దుటి వార్తలు మొదలుపెట్టిన మనిషి ఆయన. తెర మీద మాత్రం ఒక్కనాడూ కనబడలేదు. నేను ధర్మవరంలో మగ్గాల మోత మధ్య పెరిగినదాన్ని. గట్టిగా అరిచి మాట్లాడే అలవాటు. ఆ అరుపును వార్తలు చదివే గొంతుగా మార్చింది ఆయనే. కార్యక్రమానికి ఆయన పెట్టిన కట్టుబాట్ల జోలికి యజమాని కూడా పోయేవాడు కాదు. మొదటి వార్త మంత్రులది కాదు, ఆ రోజు ఏ వీధికి కొళాయి నీళ్లొస్తాయన్నది. తర్వాత మండలాల వారీగా వాన. పడకపోయినా చదవాల్సిందే. ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా ‘యాడికి మండలం, వాన లేదు. బత్తలపల్లె, వాన లేదు’ అని చదివీ చదివీ నాకు ఒళ్లు మండిపోయేది.

“లేని వానను ఎందుకు సార్ చదవల్ల?” అన్నాను ఒకరోజు.

“వాన లేకపోతే ఊరు కూడా లేదా? వాళ్ల ఊరి పేరు వాళ్లకు వినపడల్ల గదా” అన్నారు.

అన్నిటికంటే మొండి కట్టుబాటు చావు వార్తలది. ‘ఇంటికి తెలిసినాకే ఊరికి.’ పోయినవాళ్ల ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి చెప్పారని తేలేదాకా పోయినవాళ్ల పేరు చదవనిచ్చేవారు కాదు. పక్క ఛానెల్ వాళ్లు అప్పటికే పేరు చెప్పేసి ఉండేవారు. “ఏమప్పా, మీ ఛానెల్లో చావు వార్త దినాల నాటికి వస్తాదంట గదా” అని టీకొట్టు దగ్గర మమ్మల్ని ఎగతాళి చేసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒకనాటి పొద్దున కార్యక్రమం సగంలో ఉంది. గాజు అవతల సార్ ఫోన్ ఎత్తడం చూశాను. లేచి నిలబడ్డారు, మళ్లీ కూర్చున్నారు. ప్రకటనలు పడగానే లోపలికి వచ్చారు.

“బత్తలపల్లె కాడ టమోటా కోతకు పోయే కూలోళ్ల ఆటో బోల్తా పడింది. ఒకామె పోయింది. నువ్వు ఆ మాటే ఎత్తొద్దు.”

“పక్క ఛానెల్లో వచ్చేసి ఉంటాది సార్!”

“పేరుతో సహా చెప్తాండారు. ఇంటికి ఇంకా తెలీదు.”

“ఎవరింటికి సార్?” అన్నాను విసుగ్గా.

“మా ఇంటికే. పోయింది మా చెల్లెలు లక్ష్మీదేవి.”

పల్లెలో వాళ్లమ్మ గంగమ్మ, ఆ చెల్లెలు ఇద్దరే ఉంటారు. కూతురు కోతకు పోగానే ఆ ముసలామె మా వార్తలు పెట్టుకుని కూర్చుంటుంది. నా బొట్టు ఎప్పుడు పెద్దదైందో, ఎప్పుడు చిన్నదైందో కొడుకుతో చెప్పి పంపే మనిషి.

“ఫోన్లో చెప్పే మాట కాదు. నేను పోయేసరికి ఆలస్యమైతాది. మా తమ్ముడు, చిన్నోడు, చేను కాడ నుంచి బయల్దేరినాడు. వాడు ఇంటికి పోయే దాకా మాయమ్మ ఛానెల్ మార్చగూడదు. ఆయమ్మ నీ ముఖమే చూస్తాంటాది. మామూలుగా ఉండమ్మా, నీకు దండం పెడతా.”

సన్నాయి ముక్క వినపడింది. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. నవ్వాను.

టమోటా మార్కెట్ ధర చదివాను. చెనక్కాయల ధర చదివాను. ఎనిమిదింటికి ముగించడం ఆ కార్యక్రమానికి శిలాశాసనం. ఎనిమిదైంది. సార్ గాజు అవతల ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో ‘ఇంకా, ఇంకా’ అని సైగ చేస్తున్నారు. తర్వాత పడాల్సిన భక్తిపాటల కోసం కుర్రాళ్లు గొడవ పడుతున్నారు. కాగితాలైపోయాయి. కొళాయిల వంతు మళ్లీ మొదటినుంచి చదివాను. మండలాలన్నీ మళ్లీ చదివాను. నోరు పిడచకట్టుకుపోతోంది. టమోటా ధర దగ్గరికి మళ్లీ వచ్చాను. దేవుడా, ఆ చిన్నోడి బండికి ఏమీ కాకుండా చూడు అని లోపల మొక్కుకుంటూ పైకి ధరలు చెబుతున్నాను. నా జన్మలో అంత పొడుగు పొద్దు చూడలేదు.

చివరికి సార్ ఫోన్ దించారు. తలుపు తెరిచి, “చేరినాడు. పక్కన కూర్చోని చెప్పినాడంట. ఇప్పుడు చదువు. అందరికీ చదివినట్లే చదువు” అన్నారు. లక్ష్మీదేవి పేరు, ఊరు, ఆమె టమోటా కోతలకు పోయే మనిషి అన్న సంగతి, అన్నీ చదివాను. తలెత్తేసరికి ఆయన లేరు. చెప్పులు స్టూడియో గుమ్మం దగ్గరే ఉన్నాయి.

దినాలకు అందరం వెళ్లాం. గంగమ్మ నా చెయ్యి పట్టుకుని గొడ్లపాక పక్కకు తీసుకుపోయింది.

“టమోటా అన్నప్పుడల్లా నీ గొంతు పట్టుకుంటాండె గదమ్మా. రెండోసారి సదివినప్పుడే తెలిసిపాయ, నా బిడ్డకేమో అయిందని” అంది.

నేను బిత్తరపోయాను. “మరి టీవీ కట్టెయ్యలేదేమవ్వా?”

“కట్టేస్తే ఇంట్లో నేనొక్కదాన్నే గదా తల్లీ. నువ్వు మాట్లాడతాంటే సిన్నోడు వచ్చే దాకా అట్లే కూసోనుంటి. పెద్దోనికి మాత్రం సెప్పొద్దు. అమ్మకు టీవీలో తెలీకుండా కాపాడినా అనుకుంటాండాడు. అట్లే అనుకోనీ.”

చెప్పలేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఆయన ఆ పొద్దు కథ చెబుతుంటే పక్కనే నిలబడి వినేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగానో. ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఇంటికి తెలియకముందే పేరు ఇమ్మని పిల్లలు తొందరపెడితే వాళ్ల మీద అరుస్తాను, పేరు మాత్రం ఇవ్వను.

గంగమ్మ పోయిన మరుసటేడు సార్ ఆసుపత్రిలో పడ్డారు. చూడటానికి వెళితే నా వైపు తిరిగి, “ఏం సాధించినానో తెలీదు గానీ, మాయమ్మకు ఆ పొద్దు టీవీలో తెలియనీలేదు. అదొక్కటి బాగా చేసినా కదమ్మా?” అన్నారు.

గంగమ్మ నా చెయ్యి ఇంకా వదల్లేదనిపించింది.

“అవు సార్, బాగా చేసినారు” అన్నాను. స్టూడియోలో నవ్వినట్టే నవ్వాను. ఆయన నమ్మారు.