గోడకు నీళ్ళు

తొంభైల మొదట్లో చిక్కడపల్లిలోని ఒక చిన్న బడిలో తెలుగు టీచరుగా చేరాను. మా ఇల్లు నారాయణగూడలో. నడిచే వెళ్ళేదాన్ని. నాకు ఏడో తరగతి ఇచ్చారు. పిల్లలు 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని కిటికీలు అదిరేలా అప్పజెప్పేవాళ్ళు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను కొరుక్కుంటూ కూర్చునేవాళ్ళు.

చివరి బెంచీ అమ్మాయి అసలు నోరే విప్పేది కాదు. వాళ్ళమ్మానాన్నలు పాలమూరు జిల్లా నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ దగ్గర కూలిపని చేసేవారు. ఆ స్థలంలోనే రేకుల కింద కాపురం. వ్యాసం రాయమంటే ఆ పిల్ల తేదీ వేసి ఆపేసేది. చదువు రాదని నేను మనసులో తేల్చేసుకున్నాను.

ఒకరోజు పాత క్యాలెండర్లు ముక్కలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక్కో మాట రాశాను. 'కు', 'తో', 'లో' లాంటివి వేరే ముక్కల మీద. పిల్లలు వాటిని పట్టుకుని వరసగా నిలబడి వాక్యం కావాలి. ఆ అమ్మాయికి 'కు' వచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి, 'గోడ' పట్టుకున్న పిల్ల పక్కన నిలబడి, 'నీళ్ళు' పట్టుకున్న పిల్లవాణ్ణి తన పక్కకు లాగింది.

"గోడకు కాదమ్మా, చెట్టుకు నీళ్ళు పోస్తారు," అన్నాను.

"గోడ ఏమన్న మొలుస్తదా టీచర్!" అన్నాడు ఒకడు. తరగతంతా నవ్వింది.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. అయినా కదల్లేదు.

"తప్పు గాదు టీచర్. కొత్త గోడకు దినాం నీళ్ళు కొట్టాలె. లేకుంటె సిమెంటు గట్టిగ కాదు, పగుల్తది. మా అమ్మ కొడ్తది."

ఆమె గొంతు వినడం నాకదే మొదలు. అందర్నీ కూర్చోమన్నాను. సాయంత్రం అశోక్‌నగర్ మీదుగా వెళ్ళాను. వాళ్ళమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, రబ్బరు పైపుతో కొత్త గోడను పైనుంచి కిందిదాకా తడుపుతోంది. సిగ్గేసింది.

మర్నాడు తరగతిలో, "నిన్న తప్పు నాదే. గోడ పని నాకు తెలియదు," అని చెప్పి, ఆ అమ్మాయిని అడిగాను: "గోడ ఎట్ల కడ్తరో రాసిస్తవా? నీకు తెలిసిన మాటల్లోనే రాయి."

రెండు పేజీలు రాసింది. ఇసుక జల్లెడ పట్టడం, తాపీమేస్త్రీ గుండు దారం వేసి గోడ వంకర చూడటం, అన్నీ ఉన్నాయి. ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆమె మాటలు ఉంచి, కుడివైపు పుస్తకాల తెలుగులో ఎలా రాస్తారో ఇద్దరం కలిసి రాశాం. 'కొడ్తది' ఎదురుగా 'కొడుతుంది' వచ్చింది. విభక్తులన్నీ అందులోనే దొరికాయి. తర్వాత మిగతా పిల్లలూ ఇంట్లో జరిగే పనుల గురించి రాసుకొచ్చారు. గోడ మొలుస్తదా అన్నవాడు వాళ్ళ నాన్న ఆటో బాగుచేసే తీరు రాశాడు.

ఆ భవనం పూర్తయ్యాక వాళ్ళమ్మ టీసీ అడగడానికి వచ్చింది. పని విద్యానగర్‌కు మారిందట. నా దగ్గరకొచ్చి నిలబడింది.

"మేడం, మా పిల్ల నాకు సదివి ఇనిపిచ్చింది. నేను జేసే పని గూడ నోట్‌బుక్కుల రాస్తరని నాకు ఎర్కలేకుండె."

"విద్యానగర్ దూరమేం కాదు కదమ్మా. పరీక్షలయ్యేదాకా ఉండనీయండి," అన్నాను.

ఆమె కూతురి వంక చూసింది. "నడుస్తవా?"

"నడుస్త."

టీసీ తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఏడో తరగతి పరీక్షలు రాసి పాసైంది. వేసవిలో వాళ్ళు ఊరెళ్ళారు, మళ్ళీ కలవలేదు.

జూన్‌లో కొత్త తరగతికి పుస్తకం తెరవకముందే, "మీ ఇంట్లో ఎవరేం పని చేస్తరు?" అని అడిగాను. ముప్పై చేతులు లేచాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అలాగే మొదలుపెట్టాను. నాకు పాఠం చెప్పడం నేర్పిన ఆ పిల్లకు ఒక్కసారైనా ఆ మాట ఎదురుగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.