నన్ను రిలక్టెంట్ అన్న మెయిల్

మా నాన్నకు చందానగర్ మార్కెట్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. బడి వదలగానే వెళ్లి గల్లా పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. అక్కడ నాకు అబ్బిన మొదటి చదువు, నచ్చిన వస్తువు నచ్చినట్టు కనబడకూడదన్నది. ఇడ్లీ పాత్ర కావాలంటే ముందు టిఫిన్ క్యారియర్ ధర అడగాలి. ఇడ్లీ పాత్రను చివర్లో, ఏదో కంటపడింది కాబట్టి అన్నట్టు చూడాలి. ఎంత చెప్పినా "అబ్బో, ఒద్దులే" అని మెట్లు దిగాలి. అప్పుడు వెనకనుంచి "అమ్మా, జర ఇటు రా, నువ్వెంతిస్తవో చెప్పు" అని పిలుపు వస్తుంది. పిలుపు వచ్చేదాకా ఎలా నడవాలన్నదానికీ పద్ధతి ఉంది. మరీ మెల్లగా నడిస్తే నాటకం బయటపడుతుంది. మరీ వేగంగా నడిస్తే పక్క దుకాణం వాడు పిలుస్తాడు.

ఈ చదువుతోనే హైటెక్ సిటీలో ఉద్యోగానికి చేరాను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని. ఎదుటివాళ్ల సరుకులో లోపాలు ఎత్తిచూపినందుకు జీతం ఇస్తారంటే మా నాన్న చాలాకాలం నమ్మలేదు. మా ఇంట్లో అది అందరూ ఊరికే చేసే పని.

మా టీమ్ లీడ్ పుణెకు బదిలీ అయి వెళ్తున్నాడని తెలిసిన రోజునుంచి ఆ పదవి మీద నా కన్ను పడింది. ఎవరికీ చెప్పలేదు. క్యాబ్‌లో కిటికీ వైపు తిరిగి, పొద్దున మీటింగ్‌లో ఎవరికి ఏ పని పంచుతానో లోలోపల అనుకుంటూ ఉండేదాన్ని. ఒకసారి పెదాలు కూడా కదిలినట్టున్నాయి, పక్కన కూర్చున్నాయన జరిగి కూర్చున్నాడు.

ఒక సోమవారం పొద్దున మా మేనేజర్ పిలిచింది. ఆమెది కాకినాడ వైపు, ఉండేది మణికొండలో. సెక్యూరిటీ మనిషినుంచి డైరెక్టర్ దాకా అందరినీ "అండి" అనే మాట్లాడుతుంది.

"ఈ టీమ్‌ని మీరు చూసుకుంటారా అండి? మీరైతే బావుంటుందని నాకనిపించింది."

లోపల డప్పులు మోగాయి. మొహం మాత్రం తోమి బోర్లించిన గిన్నెలా పెట్టుకున్నాను.

"నాకెందుకు మేడమ్, ఉన్న పని బానే ఉంది. లీడ్ అంటే అంతా పరేషానే కదా."

"నిజంగానా అండి?"

"ఇంకెవరినైనా చూడండి మేడమ్."

లేచి తలుపు వైపు నడిచాను, మరీ మెల్లగా కాదు, మరీ వేగంగా కాదు. వారంలో మొదటి రోజు, ఆమెకు అదే మొదటి మీటింగ్. బోణీ బేరాన్ని ఎవరు పోగొట్టుకుంటారులే అని నా ధీమా. తలుపు తెరిచి, ఫోన్ చూసుకుంటున్నట్టు కాసేపు ఆగాను. వెనకనుంచి కీబోర్డు చప్పుడు వినబడింది, అంతే.

భోజనం వేళకు ముందే మెయిల్ వచ్చింది. మేనేజర్ డైరెక్టర్‌కు రాస్తూ నాకూ ఒక కాపీ పెట్టింది. నేను రిలక్టెంట్‌గా ఉన్నాను కాబట్టి ఇంకొకరిని అడుగుతానని అందులో ఉంది. ఆ మాట అంతకుముందు చాలాచోట్ల తగిలిందే. తగిలినప్పుడల్లా అర్థం సుమారుగా ఊహించుకుని దాటిపోయేదాన్ని. ఇప్పుడు అది నా మీదే వచ్చి పడింది. ఫోన్‌లో డిక్షనరీ తీస్తే "అయిష్టత గల" అని ఉంది. అయిష్టమా, నాకా?

పక్క సీటు స్నేహితురాలికి చూపించాను. వాళ్లది హఫీజ్‌పేట్. వాళ్లమ్మ మిషన్ స్కూల్లో ఇంగ్లీషు టీచరు కావడంతో మా మెయిళ్లన్నీ ఈమె కళ్లబడ్డాకే బయటికి వెళ్తాయి.

"నీకొద్దన్నవా?" అంది అన్నం డబ్బా మూత తీస్తూ.

"ఊకె అన్న."

"ఊకె ఎవరన్న ఒద్దంటరా?"

"మా దుకాణంకొచ్చేటోళ్లందరు అంటరు."

తనకు పొలమారింది. నీళ్లు తాగి చెప్పింది. "రిలక్టెంట్ అంటే పూరా ఇష్టం లేదని కాదే. దానికి అన్‌విల్లింగ్ ఉంది, చెయ్యనే చెయ్య అన్నట్టు. రిలక్టెంట్ అంటే వెనకాముందాడుడు. చలికాలం పొద్దుగాల స్నానానికి పోతవ్ చూడు, గట్ల. ఆఖరికి చేస్తవు గదా?"

"గీజర్ ఉంటే చేస్త."

"మా పాస్టర్‌గారు దవాఖానకు పోనీకి రిలక్టెంట్ అంటది మా అమ్మ. నాలుగుసార్లు బతిమిలాడితే పోతరు. గట్ల వాడాలె."

నాలుగుసార్లు బతిమిలాడితే! ఈ రకం మనుషులు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మెట్లు దిగేవాళ్లలో కొందరి చూపు అప్పటికే ఎదురు దుకాణం మీద ఉంటుంది, వాళ్లను పిలిచినా లాభం లేదు. కొందరు రోడ్డు మీదికి వెళ్లినా చెవి మాత్రం మా గల్లా దగ్గరే వదిలిపోతారు. మేడమ్ నన్ను సరిగ్గానే పట్టుకుంది. కాకపోతే అలాంటి మనిషిని వెనక్కి పిలవాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఇక నేనే వెళ్లి అడగాలి. "నాకు కావాలి" అని ముందుగా అనడం మా వంశంలో ఎవరూ చేయని పని. వాష్‌రూమ్ అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను. రెండుసార్లూ ధర పెరిగిపోయినట్టే అనిపించింది.

టీ వేళకు వెళ్లి చెప్పేశాను. "మేడమ్, ఆ పని నాకు కావాలి. పొద్దున వద్దన్నది అలవాటు కొద్దీ."

"వద్దనడం అలవాటేంటండి?"

దుకాణం సంగతి, మెట్ల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు, నొచ్చుకుంది.

"అయ్యో, మీరు వద్దంటే బలవంతం చేయడం బాగోదనుకున్నానండి. లంచ్ అవగానే ఆయన్ని అడిగేశాను. అడగ్గానే సరేనన్నారు." వెనక వరసలో కూర్చునే అతని సీటు వైపు చూపించింది.

ఈసారి తలుపు దగ్గర ఆగకుండానే బయటికి వచ్చేశాను.

సాయంత్రం దుకాణంలో నాన్న అంతా విన్నాడు. నా ఆలోచనలో ఆయనకు తప్పేమీ కనబడలేదు.

"తలుపు దాక ఎందుకు పోయినవ్ బిడ్డా? కుర్చీల కూసొనే ఒద్దనాలె" అన్నాడు.

వానాకాలం దాటాక మేడమ్ మళ్లీ పిలిచింది.

"ఇంకో టీమ్ పెడుతున్నామండి..."

"కావాలి మేడమ్."

"ఏ టీమో చెప్పనివ్వండి."

"ఏదైనా చేస్తాను."

ఎవరూ ముట్టుకోని పాత సాఫ్ట్‌వేర్ అది. రాసినవాళ్లంతా ఎప్పుడో వెళ్లిపోయారు. అయినా లీడ్ లీడే.

మొదటి వారంలోనే, అందులో అన్నిటికంటే చిక్కు భాగాన్ని కొత్తగా చేరిన అమ్మాయికి ఇవ్వబోయాను. చందానగర్ కాదు గానీ, వాళ్లదీ పటాన్‌చెరులో బట్టల దుకాణమే.

"నాకెందుకక్కా, వేరేవాళ్లకియ్యరాదు" అని లేచి తలుపు వైపు వెళ్లింది.

ఆ నడక చూశాను. మరీ మెల్లగా లేదు, మరీ వేగంగా లేదు. తలుపు తెరిచి ఫోన్ తీసింది.

"అమ్మా, జర ఇటు రా" అన్నాను.