పెడలు లేని కుట్టుమిషను

ఆ టైలరమ్మ కుట్టుమిషను పెడలు కింద దెయ్యం కాపురం పెట్టిందని వీధి వీధంతా చెప్పుకుంటుంది. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. కానీ కాలితో తొక్కే మిషనుకి పెడలు పీకేసి, చేత్తో చక్రం తిప్పుతూ కుట్టే మనిషిని చూస్తే ఎవరికి అనుమానం రాదు? ఆవిడ దగ్గర గౌను కుట్టించుకుంటే, చేతికొచ్చేసరికి పిల్ల పొడుగై అది చొక్కా అయిపోతుందని ఎగతాళి కూడా.

దెయ్యమూ లేదు, భూతమూ లేదు. పెళ్లైన కొత్తలో ఆవిడకి కడుపొచ్చింది. ఎప్పట్లాగే మిషను తొక్కుతూనే ఉంది. మూడో నెలలో పోయింది. "తొక్కి తొక్కి చంపుకుంది" అని అత్తగారు ఇంటికప్పు లేచిపోయేలా అరిచింది. మొగుడు పల్లెత్తు మాట అనలేదు. పానా తెచ్చి పెడలు విప్పి అవతల పారేశాడు, అంతే. అత్తగారి అరుపుల కన్నా ఆ మౌనమే ఆవిడ గుండెల్లో దిగబడిపోయింది. మళ్లీ కడుపు పండలేదు.

ఇప్పుడు మేనకోడలు కడుపుతో ఆవిడ ఇంట్లోనే ఉంది. ఆ పిల్ల చెప్పులు గుడ్డపీలికల మూటలో దాక్కున్నాయి.

"అత్తా, నా చెప్పులేవి?"

"మంచం దిగితేగా చెప్పులు! పడుకో."

"డాక్టరమ్మ రోజూ నడవమందిగా!"

"ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది. నీళ్లు కావాలంటే నేనే తెచ్చి నోట్లో పోస్తా."

"ఇలాగే పడుంటే బిడ్డతో పాటు మంచాన్ని కూడా కనాలి నేను!"

టైలరమ్మ నవ్వలేదు. ఈ పిల్లకి కూడా అలాగే అయితే? ఆ భయంతోనే, డాక్టరమ్మని కడిగిపారేద్దామని మేనకోడలితో పాటు తనూ ఆసుపత్రికి బయల్దేరింది. అక్కడ దొరికింది నర్సు.

"అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు పెద్దమ్మా. కబుర్లు చెబుతూ నడవగలిగేంత నెమ్మదిగా నడవనివ్వండి. ఎగరడాలు, పడిపోయే ఆటలు వద్దు. కళ్లు తిరిగినా, నొప్పొచ్చినా, రక్తం కనిపించినా ఆపేసి వెంటనే తీసుకురండి."

"మరి... మిషను తొక్కితే?"

"ఒంట్లో బాగుంటే తొక్కొచ్చు. మధ్యలో లేచి అటూ ఇటూ తిరగాలి."

"తొక్కితే పోదా?"

నర్సు ఆవిడ మొహంలోకి చూసింది. "మొదటి నెలల్లో పోయేవి చాలావరకు పిండమే సరిగ్గా పడక పోతాయి పెద్దమ్మా. మిషను తొక్కితే పోవు. తల్లి తప్పేం ఉండదు."

కడిగిపారేద్దామని వచ్చిన మనిషి బల్ల మీద కూలబడింది. ఈ ముక్క వినాల్సిన అత్తగారూ లేదు, మొగుడూ లేడు. ఇద్దరూ ఆవిడ తప్పేనని నమ్మి పోయారు. ఎవరింటికెళ్లి చెప్పాలి?

సాయంత్రం చెప్పులు తనే తెచ్చి మేనకోడలి కాళ్ల ముందు పెట్టింది. సందులో పక్కనే నడిచింది. పిల్ల కాస్త ఊరుకుంటే చాలు, "మాట్లాడవేమే, ఆయాసమా?" అని ప్రాణం తీసింది.

"అత్తా," అంది పిల్ల మెల్లగా, "నర్సుని అడిగింది... నీ గురించేనా? నీకు పోయిందట కదా?"

టైలరమ్మ ముందుకే చూస్తూ నడిచింది.

"ఎవడే చెప్పింది? పనీపాటా లేనివాళ్ల మాటలు. నాకసలు కడుపే రాలేదు."