నోట్లో చిక్కుపడ్డ తేగ పీచు

నలభై ఏళ్ళొచ్చాక పళ్ళకి క్లిప్పులు పెట్టించుకున్నాను. రేపల్లెలో మా స్కూలు స్టాఫ్‌రూమ్‌కి అది ఆరు నెలల వినోదం. "టీచర్‌గారూ, మళ్ళీ పెళ్ళిచూపులా ఏంటండి?" అని లెక్కల మాస్టారు. నాకసలే నోరెక్కువ. ఈసారి తెనాలి పద్యాల పోటీలో మొదటి బహుమతి నాదేనని అందరి ముందూ అనేశాను. నోటినిండా తీగలు పెట్టుకుని పద్యం ఎలా పలుకుతారో చూద్దామండి అన్నారాయన.

మా అత్తయ్యకీ ఈ క్లిప్పులు నచ్చలేదు. ఆవిడ పుట్టింటివాళ్ళు సముద్రంలో చేపలు పట్టేవాళ్ళు. "దేవుడిచ్చిన పళ్ళకి కంచె ఏంటే!" అనేవారు.

పోటీ రోజు పొద్దున తెలివితక్కువ పని చేసింది మాత్రం నేనే. డాక్టర్‌గారు తినొద్దన్నవాటిలో చేగోడీలు, చెరుకుగడ ఉన్నాయి గానీ తేగ లేదు. ఆ వంకతో బజారు నుంచి వచ్చిన ఉడికించిన తాటి తేగని వెనక పళ్ళతో కొరికాను. టక్కుమంది. పీచు క్లిప్పుల మధ్య చుట్టుకుపోయింది. తీగ కొస చివరి పంటి మీది గొట్టంలోంచి ఊడి బుగ్గలో దిగింది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే ఎర్రగా వచ్చాయి. అద్దం ముందు నిలబడి పద్యం ఎత్తుకున్నాను. మొదటి పాదం పూర్తికాకుండానే కళ్ళనీళ్ళు తిరిగాయి. నొప్పి కంటే పరువు పోతుందన్న భయమే ఎక్కువ.

తెనాలి డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. "నేను ఊళ్ళో లేనమ్మా. గట్టిగా లాగొద్దు. ముందు పీచు మెల్లగా తీసేసి, తీగని ట్వీజర్‌తో గొట్టంలోకి నెట్టండి. పైన నేనిచ్చిన మైనం అద్దండి" అన్నారు. విన్నాను, ఫోన్ పెట్టేశాను, పీచుని గట్టిగానే లాగాను. చిక్కు ఇంకా బిగిసింది. ఇక పీచూ తీగా కలిపి కోసేద్దామని కత్తెర పట్టుకున్నాను.

"కత్తెర కింద పెట్టు," అన్నారు వెనక నుంచి అత్తయ్య. "చిక్కుపడితే వల కోసుకుంటామా?"

నన్ను గుమ్మంలో వెలుతురుకెదురుగా కూర్చోబెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని, కొత్త దారం తెచ్చుకున్నారు. పెళ్ళయ్యేదాకా వలలు బాగుచేసిన చేతులవి. చిక్కుని ముందు వదులు చెయ్యాలట, కొస దొరికాకే లాగాలట. దారాన్ని తీగ కిందుగా పోనిచ్చి అటూ ఇటూ కదిపారు. పీచు ఒక్కో పోగే బయటికొచ్చింది. "నాలిక కదపకు. మింగకు." పావుగంటసేపు నేను ఒక్క మాటా మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో అదే మొదలు. తర్వాత ట్వీజర్‌తో తీగ పట్టుకుని, సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా గొట్టంలోకి పంపేశారు. మైనం ఉండచేసి అద్దగానే బుగ్గలో గుచ్చుకోవడం ఆగిపోయింది. హాయిగా నవ్వాను.

"మీరూ రండి అత్తయ్యా," అన్నాను. పద్యాలు నాకేం తెలుస్తాయని గొణిగారు గానీ, సాయంత్రం రైలుకి నాకంటే ముందే తయారయ్యారు.

తెనాలి జనానికి పద్యం బాగుంటే చేతులు ఊరుకోవు, బాగోకపోతే నోళ్ళు ఊరుకోవు. నేను స్టేజీ ఎక్కాను. ఒక్క అక్షరం తడబడలేదు. చివరి రాగం తియ్యగానే హాలంతా "వన్స్ మోర్" అంది. మళ్ళీ పాడాను, ఈసారి ఇంకా గొంతెత్తి. మొదటి బహుమతి నాదే. సిగ్గుపడకుండా చెబుతున్నాను, అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

షీల్డు పట్టుకుని కిందికి దిగేసరికి పక్క కుర్చీలో ఆవిడ అత్తయ్యని అడుగుతోంది. "మీ అమ్మాయాండి?"

"కోడలండి. పొద్దున ఆ నోరు నా చేతుల్లోనే ఉంది," అని అత్తయ్య రెండు చేతులూ చాపి చూపించారు.

షీల్డు ఆ చేతుల్లోనే పెట్టాను. ఇంటికొచ్చేదాకా నాకు తిరిగివ్వలేదు.